మామయ్య మాటలకు బాణీలు

జూన్ 1, ఆదివారం

వయొలిన్ పెట్టిన గ్రూపులో చేరాను. రోజుకో పాట సొంతంగా కట్టాలి, ఆ రోజే రికార్డు చేసి గ్రూపులో పెట్టాలి. ఒక్కరోజు తప్పినా బయటికి గెంటేస్తారు. నెలాఖరుదాకా ఇదే పని.

వయొలిన్ అంటే మా ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించేవాడు. ఏళ్ల తరబడి నా పక్కనే కూర్చుని నేను కీబోర్డు మీద వాయించినదాంట్లో తప్పులు మాత్రమే విన్నవాడు. "నీ వల్ల కాదులే గురూ, నువ్వు సొంత పాట కట్టి ఎన్నాళ్లయింది?" అన్నాడు. పౌరుషం పొడుచుకొచ్చి సరే అన్నాను. ఫంక్షన్లలో అందరి పాటలూ వాయించే నా చేతులకి నాది అంటూ ఒక్క పాట లేదు. ఆ సంగతి వాడు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు.

ఈ డైరీ పాటల గురించే. ఇంటి గొడవలు ఇందులో రాయను.

ఈరోజు పాట వాన మీద. "వానా వానా, ఎక్కడున్నావు?" అని మొదటి లైను. రెండో లైను కోసం సాయంత్రందాకా కూర్చున్నాను. వానా రాలేదు, లైనూ రాలేదు. మొదటి లైన్నే నాలుగుసార్లు పాడి పెట్టేశాను. డ్రమ్స్ వాడు చప్పట్ల బొమ్మ పంపాడు. వాడు అన్నిటికీ అదే పంపుతాడు.

జూన్ 2, సోమవారం

మామయ్య మళ్లీ కప్పు విసిరేశాడు. ఇది ఇంటి గొడవ కాదు, సమాచారం.

మా ఆవిడ వాళ్ల నాన్న బస్‌స్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన మైకు పట్టుకుంటే రివర్సులో వస్తున్న బస్సు కూడా ఆగిపోయేదట. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కాలూ చెయ్యీ చాలావరకు కోలుకున్నాయి. మనం అన్నదంతా అర్థమవుతుంది. తిరిగి చెప్పబోతే మాత్రం "త్త... త్త..." దగ్గర ఆగిపోతాడు. అప్పుడు చేతిలో ఏముంటే అది గోడకి తగులుతుంది.

నాకు పెద్ద తేడా తెలియలేదు, ఎందుకంటే ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడింది లేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంతే. నేను ఎదురుగా కూర్చునున్నా సరే, కూతురివైపు తిరిగి "మీ ఆయన్ని మంచినీళ్లు అందుకోమను" అనేవాడు. నేను అందించేవాణ్ణి. నేను పక్కన లేనప్పుడు నా పేరు "ఆ కీబోర్డు".

సాయంత్రం బావమరిది వచ్చాడు. పళ్ల డాక్టరు. నోరు తెరిచి మాట్లాడలేని మనుషులతోనే రోజంతా గడుపుతాడు గానీ, సొంత తండ్రి అలా ఉంటే చూడలేకపోతున్నాడు. సంచీలోంచి ఒక బ్రోచరు తీశాడు. వృద్ధుల హోం. "పగలు నువ్వు ఆఫీసుకి పోతావు, బావ రిహార్సళ్లకి పోతాడు. మధ్యలో నాన్నకి ఏమన్నా అయితే ఎవర్ని పిలుస్తాడక్కా, ఎలా పిలుస్తాడు?" అన్నాడు. నెలాఖరుకి ఆస్పత్రి నుంచి పెద్ద డాక్టరు ఇంటికొచ్చి పరీక్ష చేస్తారట. ఏం కావాలో, ఎక్కడ నొప్పో, సాయానికి ఎవరు రావాలో మామయ్య నోటితో చెప్పగలిగితే ఇక్కడే ఉంటాడు. లేకపోతే హోంకి.

బ్రోచరు మీద కుర్చీలో కూర్చుని ఒక ముసలాయన నవ్వుతున్నాడు. మామయ్య ఆ ముసలాయన్ని కాసేపు చూసి, బ్రోచరు బోర్లా పెట్టాడు. మా ఆవిడ వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

నాకేం. ఆయన వెళ్తే ఆ గదిలో కీబోర్డు స్టాండు పెట్టుకోవచ్చు. గుమ్మంలోంచి కళ్లతోనే కొలిచి చూశాను. సరిగ్గా పడుతుంది.

ఈరోజు పాట: గోడ మీద టీ మరక. బాగానే వచ్చింది.

జూన్ 4, బుధవారం

వింత జరిగింది. మామయ్యకి మాటలు నేర్పే స్పీచ్ మేడం వచ్చిన టైములో నేను పక్కగదిలో ఆ దిక్కుమాలిన వాన పాటతో కుస్తీ పడుతున్నాను. "వానా వానా" అని ఆగాను. గోడ అవతలనుంచి "ఎక్కడున్నావూ..." అని వినిపించింది. మగగొంతు, బొంగురుగా. అటువైపు ఉన్న మగవాడు ఒక్కడే.

పరిగెత్తుకెళ్లాను. మామయ్య నోరు ఇంకా తెరిచే ఉంది, తనే చేశాడా అన్నట్టు చూస్తున్నాడు. స్పీచ్ మేడం కుర్చీలోంచి లేచి నిలబడింది. కొంతమందికి ఇలా అవుతుందట. మాట్లాడే దారి మూసుకుపోయినా పాడే దారి తెరిచి ఉంటుందట. "అవసరమైన మాటలన్నీ చిన్న చిన్న పాటలుగా నేర్పిద్దాం. మీరు మ్యూజిక్ కదా సార్, రోజుకొకటి కట్టండి" అంది, రోజుకో మాత్ర వేసుకోమన్నంత తేలిగ్గా.

రోజుకొకటి ఎలాగూ కట్టాలి కాబట్టి ఒప్పుకున్నాను. గ్రూపు కోసమే.

జూన్ 5, గురువారం

మంచినీళ్ల పాట. పల్లవి, రెండు చరణాలు, మధ్యలో ఫ్లూటు ముక్క. "ఎండిన పెదవుల ఎడారి దారుల" అని ఎత్తుకున్నాను. ఎంత బాగా వచ్చిందో. మామయ్య రెండో చరణందాకా విని, లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వంటగదిలోకి వెళ్లి తనే నీళ్లు తాగొచ్చాడు.

"సార్, నీళ్లు అంటే చాలు" అంది స్పీచ్ మేడం.

కళ తెలియని మనిషి.

జూన్ 6, శుక్రవారం

"నీళ్లు కావాలీ, నాకు నీళ్లూ
గ్లాసు నిండా వద్దూ, సగం చాలూ."

ఇంతే. రెండే లైన్లు, మూడే స్వరాలు. ఒక్కో మాటకీ మామయ్య ఎడమచెయ్యి పట్టుకుని బల్ల మీద తట్టిస్తూ పాడించమంది మేడం. పట్టుకున్నాను. ఇన్నేళ్లలో ఆయన చెయ్యి ముట్టుకోవడం ఇదే మొదలు. ఆయన కిటికీవైపు చూశాడు, నేను గోడవైపు చూశాను, చేతులు మాత్రం తాళం వేశాయి.

సాయంత్రం మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే లోపల్నుంచి పాట వచ్చింది. "నీళ్లు కావాలీ, నాకు నీళ్లూ." అది గ్లాసు నిండా పట్టుకెళ్లింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, రెండో లైను పాడాడు. సగం వంచేసి ఇచ్చింది. మా ఆవిడ ఏడుస్తూ నవ్వడం ఎన్నాళ్లకో చూశాను.

పాట చాలా మామూలుగా ఉంది. గ్రూపులో పెట్టడానికి సిగ్గేసింది. పెట్టాను.

జూన్ 8, ఆదివారం

బాత్రూము పాట.

"పోవాలి పోవాలి, బాత్రూముకి పోవాలి
ఆగదు ఆగదు, ఇప్పుడే పోవాలి."

హుషారుగా ఉండాలని ముందు కీబోర్డు మీద ఒక ఇంట్రో వేశాను. గంతులేసేలా ఉంది. మామయ్య నాలుగోసారికే పట్టేశాడు. నా ప్రతిభ ఈ పాటలో కొంత బయటపడింది.

జూన్ 9, సోమవారం

ఇంట్రో వేసి ఉండాల్సింది కాదు.

పొద్దున్న మామయ్య మంచం అంచున కూర్చుని మోకాలు ఊపుతున్నాడు. నేను చూసి చిరునవ్వు నవ్వాను. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. మొహం ఎర్రబడింది. కీబోర్డువైపు వేలు చూపించాడు. నాకు అప్పుడు వెలిగింది. ఇంట్రో వస్తే గానీ పాట ఎత్తుకోలేడు. పరిగెత్తాను, ప్లగ్గు పెట్టాను, కీబోర్డు ఆన్ అవడానికి దాని తీరిక దానిది. ఈలోగా మామయ్య పళ్లు బిగించి ఆ ఇంట్రో మొత్తం తనే ముక్కుతో లాగించాడు, ఒక్క స్వరం వదలకుండా. తాళం తప్పకుండా పల్లవి అందుకున్నాడు. "ఆగదు ఆగదు" దగ్గరికి వచ్చేసరికి అది అక్షరాలా నిజమైంది.

మంచం దుప్పటి ఉతికాను. మా ఆవిడకి చెప్పలేదు. మామయ్యా చెప్పలేదు, ఆ పాట ఇంకా కట్టలేదు.

ఇకనుంచి ఏ పాటకీ ఇంట్రో లేదు.

జూన్ 12, గురువారం

నిన్న బద్ధకించి టీ పాటనీ, ఫ్యాను తగ్గించమనే పాటనీ ఒకే బాణీలో కట్టాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఆర్కెస్ట్రాల్లో అందరూ చేసేదే.

మధ్యాహ్నం మామయ్య "ఫ్యాను తగ్గించూ" అని పాడాడు. తగ్గించాను. మళ్లీ అదే పాడాడు. ఇంకా తగ్గించాను. మూడోసారి కట్టేశాను. చెమటలు కారుతూ నన్ను కొరికేసేలా చూశాడు. పాపం, ఆయన టీ అడుగుతున్నాడు. బాణీ ఒకటే కావడంతో నోటికి ఏ మాటలు ముందొస్తే అవి వచ్చేశాయి.

ఒక్కో అవసరానికీ ఒక్కో బాణీ ఉండాల్సిందే. మనిషికి ఇన్ని అవసరాలు ఉంటాయని ఇంతకుముందు నాకు తెలియదు.

జూన్ 14, శనివారం

బాత్రూము పాట గ్రూపులో పేలింది. డ్రమ్స్ వాడు దానికి డ్రమ్స్ కలిపాడు. ఎవరో ట్రంపెట్ కలిపారు. వయొలిన్ ఏకంగా మూడు వయొలిన్లు కలిపి, "నీలో సరుకుందని నాకు ముందే తెలుసు" అన్నాడు. ఆ రికార్డింగు గ్రూపు దాటి ఎక్కడెక్కడికో పోయిందట.

ఇన్నేళ్లకి నాకంటూ ఒక పాట నలుగురి నోళ్లలో నానుతోంది. అది బాత్రూము పాట. సంతోషించాలో తలబాదుకోవాలో తెలియడం లేదు. రెండూ చేశాను.

జూన్ 16, సోమవారం

మా ఆవిడ ఆఫీసు ఫోను ఎత్తి "ఎవరు కావాలండీ, ఎవరు కావాలీ" అని పాడింది. అటువైపు వాళ్ల మేనేజరు. అరక్షణం ఆగి, ఆయన "మీరే కావాలమ్మా" అని అందుకున్నాడట. గొంతు బాగుందట.

కొరియరు అతనికి కూడా అలవాటైపోయింది. నిన్న మామయ్య ఒక్కడే గుమ్మంలో ఉంటే "సంతకం పెట్టాలీ" అని తనే రాగం తీశాడు. మామయ్య పెట్టాడు.

గది కొలతలు తప్పు తీసుకున్నాను. కీబోర్డు స్టాండు అక్కడ పట్టదు.

జూన్ 17, మంగళవారం

వయొలిన్ ఫోను చేసి, నీళ్ల పాటలో రెండో లైను చప్పగా ఉందనీ, "సగం" దగ్గర కొంచెం పైకి ఎత్తితే పాట నిలబడుతుందనీ అన్నాడు. ఎత్తి చూశాను. నిజంగా నిలబడింది. మామయ్యకి కొత్త బాణీ నేర్పాను.

జూన్ 18, బుధవారం

మామయ్య ఈరోజు పాడలేదు. వాతావరణం బాగాలేదు, అందుకే అయ్యుండొచ్చు.

జూన్ 19, గురువారం

పాడలేదు. "నీళ్లు" అని నోరు తెరుస్తాడు, పాత బాణీ సగం, కొత్త బాణీ సగం కలిసి గొంతులో ఇరుక్కుంటాయి. తరవాత "త్త... త్త...". మిగతా పాటలు కూడా పోయాయి. గ్లాసు గోడకి తగిలింది. స్పీచ్ మేడం "కొత్తగా ఏమన్నా మార్చారా సార్?" అని అడిగింది. ఏమీ మార్చలేదన్నాను. మా ఆవిడ నావైపు చూసింది. అది చెవిటిది కాదు.

బావమరిది హోంలో గది చూసొచ్చాడట. కిటికీ ఉందట.

జూన్ 20, శుక్రవారం

రిహార్సలు ఎగ్గొట్టాను. పొద్దున్నుంచీ మామయ్య చెయ్యి పట్టుకుని పాత బాణీ. చప్పగా, మూడే స్వరాలతో. మధ్యాహ్నానికి "నీళ్లు" వచ్చింది. సాయంత్రానికి "సగం చాలూ" వచ్చింది. ఈలోగా నేను అరబిందె నీళ్లు తాగాను, ఎందుకంటే చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు తాగకపోతే మామయ్యకి కోపం వస్తోంది.

వయొలిన్‌కి ఫోను చేసి పాట నిలబడక్కర్లేదు, మామయ్య నిలబడితే చాలన్నాను. వాడికి అర్థం కాలేదు.

జూన్ 21, శనివారం

మామయ్యకి ఏదో కావాలి. నీళ్లు కాదు, టీ కాదు, ఫ్యాను కాదు. నన్ను చూపిస్తాడు. నోరు చూపిస్తాడు. గాల్లో ఎవరిదో చెవి పట్టుకుని మెలేస్తాడు. నేను బుర్ర గోక్కుంటుంటే మా ఆవిడ పకపకా నవ్వింది.

"నాన్నకి నిన్ను తిట్టాలనుంది. పాట కట్టివ్వమంటున్నాడు."

మామయ్య గట్టిగా తలూపాడు. అంత గట్టిగా తలూపడం జబ్బుచేశాక చూడలేదు.

నన్ను తిట్టడానికి నేనే పాట కట్టాలి! లోకంలో ఏ మ్యుజీషియనుకీ వచ్చి ఉండదు ఇలాంటి అవకాశం. కట్టనన్నాను. మా ఆవిడ "అదీ అవసరమే కదా" అంది. కూర్చున్నాను. వాన మీద రెండో లైను రానివాణ్ణి, ఇది మాత్రం కలం పెట్టగానే జలజలా వచ్చింది.

"వాయించింది చాలు, విసిగించింది చాలు
పనీ పాటా లేదా, నా తల తినకు
ఏం చూసి చేసుకుందో మా పిల్లా
నీకు బుద్ధి లేదు, రాదు, రాబోదు."

మూడో లైను మామయ్య కోసం నేను ఊహించి రాసింది. పాడి వినిపించగానే ఆయన కళ్లు మెరిశాయి. ఒక్కసారికే పట్టేశాడు. నాకు చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉంది గానీ, ఈ నెలలో ఇదే నా మంచి పాట.

జూన్ 22, ఆదివారం

పొద్దున్న లేవగానే తిట్టాడు. టీ తాగి తిట్టాడు. కూతురివైపు తిరిగే తిట్టాడు, అలవాటు పోలేదు.

జూన్ 23, సోమవారం

మిగతా పాటలు పాడటం మానేశాడు. నీళ్లు కావాలన్నా ఇదే, బాత్రూముకన్నా ఇదే. "రాబోదు" అన్నప్పుడు ఎటు చూస్తున్నాడో చూసి మేం అర్థం చేసుకుంటున్నాం. స్పీచ్ మేడం మాత్రం ఉచ్చారణ అద్భుతంగా ఉందని మురిసిపోతోంది. "మీ మీద అభిమానం సార్" అంది. ఆవిడకి జీతం ఎవరిస్తున్నారో కనుక్కోవాలి.

జూన్ 24, మంగళవారం

బావమరిది వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. క్లినిక్కులో ఎవరికో పన్ను పీకుతుంటే ఆ మనిషి జేబులో ఫోను మోగిందట. రింగుటోను బాత్రూము పాట. మూడు వయొలిన్లు, ట్రంపెట్టుతో సహా.

"మా నాన్న బాత్రూముకి పోవడం ఊరంతా పాడుకుంటోంది బావా! బస్‌స్టాండులో ఆయన కనిపిస్తే డ్రైవర్లు సిగరెట్లు దాచుకునేవాళ్లు. అలాంటి మనిషిని రింగుటోను చేసి పెట్టావు నువ్వు."

"అది ఆయన గొంతు కాదురా, నాదే" అన్నాను.

"ఆయన బతుకు కదా." వాడు కుర్చీలో కూలబడ్డాడు. "ఎవరో రాసిచ్చినవి పాడుకుంటూ... అది మాట్లాడటం కాదు బావా. అలా చూడలేక హోం అంటున్నాను, వదిలించుకోవాలని కాదు."

వాడన్నదాంట్లో అబద్ధం ఏమీ లేదు. బాత్రూము పాటని గ్రూపులోంచి తీసేశాను. మిగతా ఫోన్లలోంచి ఎలా తీస్తాను?

జూన్ 26, గురువారం

అసలైన పాట ఇంకా మిగిలే ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఏమన్నా అయితే ఫోనులో కూతుర్ని పిలిచే పాట. పెద్ద డాక్టరు ముఖ్యంగా అడిగేది అదేనట.

"నాకు బాగాలేదూ, తొందరగా రండీ" అని కట్టాను. జాలిగా, మెత్తగా. మామయ్య విని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జూన్ 27, శుక్రవారం

ఇంకోటి కట్టాను. గోడవైపు తిరిగాడు.

ఇంకోటి. గోడ.

"నాన్న ఎప్పుడూ ఎవర్నీ సాయం అడగలేదు. కాలు విరిగిన రోజు కూడా తనే కట్టు కట్టుకుని డ్యూటీకి పోయాడు" అంది మా ఆవిడ. వంటగదిలో నేలమీద కూర్చుని అంది. దాని పక్కన నేనూ కూర్చున్నాను. మామయ్య వెళ్లిపోతాడేమోనని నాకు భయంగా ఉందని చెప్పాను. చెప్పాక అది నిజమని తెలిసింది.

గ్రూపులో ఈరోజు పాట పెట్టలేదు. వయొలిన్ గెంటేశాడు. పోతే పోనీ.

జూన్ 28, శనివారం

పొద్దున్న గడ్డం గీసుకుంటుంటే తట్టింది. ఆయన అడగడు. చెప్తాడు. జీవితమంతా మైకులో జనానికి చెప్పినవాడు. సబ్బు మొహంతోనే వెళ్లి, అనౌన్సుమెంటు సాగదీతలో పాడాను.

"గమనికా గమనిక, ఇంట్లోవారికి గమనిక
కంట్రోలరుగారికి బాగాలేదు
వెంటనే రాగలరు
ఆలస్యం చేసినచో సహించబడదు."

మామయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. వీపు నిటారుగా పెట్టాడు. చొక్కా గుండీ పెట్టుకున్నాడు. లేని మైకు పట్టుకుని, మొదటి అక్షరం నుంచి చివరిదాకా పాడాడు. కిందింటావిడ గాబరాపడి మెట్లెక్కి వచ్చేసింది, ఎవరికి బాగాలేదని. పాట పనిచేస్తుంది.

జూన్ 29, ఆదివారం

రోజంతా సాధన. నీళ్లు, టీ, నొప్పి, గమనిక. తిట్ల పాట పరీక్షలో పాడొద్దని బతిమాలాను. కూతురివైపు చూసి ఆ పాటే పాడాడు.

జూన్ 30, సోమవారం

రాసుకోకపోతే ఇది కలేమో అనిపించేలా ఉంది.

పెద్ద డాక్టరు పదకొండింటికి వచ్చారు. పెద్దావిడ, కళ్లద్దాలు మెడలో వేలాడుతున్నాయి, ముఖంలో నవ్వనేది లేదు. గదిలో మామయ్య, మా ఆవిడ, బావమరిది, స్పీచ్ మేడం. నన్ను మాత్రం బయట ఉండమన్నారు, సంగీతం వినబడితే అందించినట్టవుతుందని. "ఎవరూ అందివ్వకూడదు. ఒక్క స్వరం కూడా" అన్నారు. తలుపు ఓరగా వేసి దాని వెనక నిలబడ్డాను.

దాహమైతే ఏమంటారని అడిగారు. మామయ్య పాడాడు, సగం గ్లాసుతో సహా. ఎక్కడన్నా నొప్పి ఉందా అన్నారు. మోకాలు చూపించి పాడాడు. నేను తలుపు వెనక గాల్లో తాళం వేస్తున్నాను. "ఇవి నేర్పించినవి డాక్టరుగారూ, నాన్న సొంతంగా అంటున్నవి కావు" అన్నాడు బావమరిది, మెల్లగా. వాడు కావాలని అడ్డుపడటం లేదు. వాడికి నిజంగానే తెలుసుకోవాలనుంది. డాక్టరు తలూపారు.

అప్పుడు అడిగారు. "మధ్యాహ్నం మీరొక్కరే ఉన్నారు. కింద పడ్డారు. ఏం చేస్తారు?"

మామయ్య నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

ప్రశ్న అడిగిన తీరు వేరు, ఎత్తుకునే దారి దొరకడం లేదు ఆయనకి. "త్త..." అన్నాడు. మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం సందులోంచి కనిపించింది. నాకు ఆగలేదు. నిజంగా ఆపుకోవాలనే చూశాను. "గమనికా..." అని నా ముక్కులోంచి వచ్చేసింది.

"ఎవరది?" అన్నారు డాక్టరు.

నోరు నొక్కుకున్నాను. మామయ్య బల్ల అంచు పట్టుకున్నాడు. హోం, ఆ కిటికీ ఉన్న గది, అందులో ఈయన గోడవైపు తిరిగి పడుకుని ఉండటం, అన్నీ నా కళ్లముందు తిరిగాయి. ఏదైతే అదయిందని, కొంచెం గట్టిగానే, "గమనికా గమనిక" అని అందించాను.

మామయ్య తల తిప్పాడు. కూతురివైపు కాదు. తలుపువైపు, సందులోంచి సరిగ్గా నా కళ్లలోకి.

"నువ్వు నోర్ముయ్."

బాణీ లేదు. తాళం లేదు. మామూలు మాట, మనుషులు మనుషులతో అనేది. ఆయన కూడా ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందా అన్నట్టు ఒక క్షణం ఆగాడు. తరవాత, బరువైన పెట్టె జరుపుతున్నట్టు ఒక్కో మాటా జరుపుతూ అన్నాడు.

"నేను... చెప్తా."

డాక్టరువైపు తిరిగాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. "ఫోను... చేస్తా. అమ్మాయికి." ఆగాడు. చెమట తుడుచుకున్నాడు. "అది... ఎత్తకపోతే..." తలుపువైపు గడ్డం ఎగరేశాడు. "వీడికి."

ఇవేవీ నేను రాసినవి కావు.

డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఇంట్లోనే ఉంచుకోవచ్చన్నారు. స్పీచ్ మేడం చప్పట్లు కొట్టింది. మా ఆవిడ వాళ్ల నాన్న ఒళ్లో తల పెట్టేసింది. బావమరిది బయటికి వచ్చి నన్ను రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాడు. వాడి కళ్లనిండా నీళ్లు. "బావా, తిట్టాడు బావా! నిన్నే! సొంతంగా తిట్టాడు! రా, లోపలికి రా, ఏమన్నా మాట్లాడు ఆయనతో."

ఏం మాట్లాడను? తలుపు వెనకే నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుని ఏడ్చాను. మామయ్య ముయ్యమన్నాడు కదా.